ఆధారం −10లో రాస్తే 9, 11 భాజనీయతా సూత్రాలు తారుమారవుతున్నాయి. ఎందుకు?

#1 శేషంసున్నా

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక విషయం బుర్రను వదలడం లేదు. ఇక్కడ పెడితే తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెబుతారని రాస్తున్నాను.

సంఖ్యామానాల గురించి చెప్పుకునేటప్పుడు మనం 2, 8, 16 ఆధారాల దగ్గర ఆగిపోతాం. ఆధారమే ఋణసంఖ్య అయితే ఏమవుతుందా అని కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాను. ఆధారం −10 తీసుకున్నాను. అంకెలు మామూలువే, 0 నుంచి 9 దాకా. స్థానవిలువలు మాత్రం కుడి నుంచి ఎడమకు 1, −10, 100, −1000, 10000... ఇలా ఒకటి విడిచి ఒకటి ఋణం అవుతాయి.

మరి 12ను ఎలా రాయాలి? పదుల స్థానం ఋణం కాబట్టి 1 పది, 2 ఒకట్లు కుదరదు. 100 తీసుకుని 90 తగ్గించి 2 కలపాలి. అంటే 192. రెండు పద్ధతులూ కలగలిసిపోకుండా ఆధారం −10లో రాసినవాటిని చదరపు బ్రాకెట్లలో పెడతాను: 12 = [192].

ఇప్పుడు 11 గుణిజాలు చూడండి.

11 = [191]
22 = [182]
33 = [173]
44 = [164]
55 = [155]
66 = [146]
77 = [137]
88 = [128]
99 = [119]
110 = [290]
121 = [281]

ప్రతి వరసలోనూ అంకెలు కూడండి. అన్నిచోట్లా 11 వస్తోంది! అంకెలు కూడి చూసే పద్ధతి 9కి కదా, 11కి ఎలా వచ్చింది? పోనీ 9 గుణిజాలు చూద్దామంటే 27 = [187], అంకెల మొత్తం 16. 36 = [176], మొత్తం 14. 9 సూత్రం పోయింది. కానీ ఒకటి విడిచి ఒకటి తీసేస్తే 1 − 8 + 7 = 0, 1 − 7 + 6 = 0. ఇది మనం 11కి వాడే పద్ధతి. రెండు సూత్రాలూ ఒకదాని చోటులోకి ఒకటి వెళ్లిపోయాయి.

నా ప్రశ్నలు రెండు. ఈ పద్ధతిలో ప్రతి పూర్ణసంఖ్యనూ రాయగలమా, అదీ ఒకే ఒక్క విధంగా? ఈ తారుమారు వెనక కారణం ఏమిటి?

---

#2 లెక్కలబడి

మంచి ప్రశ్న వేశారు. ముందు మొదటిదానికి జవాబు. అవును, ప్రతి పూర్ణసంఖ్యకూ ఒకే ఒక్క రూపం ఉంటుంది. ఋణసంఖ్యలకు కూడా.

చివరి స్థానం నుంచి మొదలుపెట్టండి. ఒకట్ల స్థానం తప్ప మిగతా స్థానవిలువలన్నీ 10 గుణిజాలే. కాబట్టి సంఖ్యను 10తో భాగిస్తే వచ్చే శేషమే చివరి అంకె అవ్వాలి. 0 నుంచి 9 లోపల ఆ శేషం ఒక్కటే ఉంటుంది, ఇంకో అవకాశం లేదు. ఆ అంకె తీసేసి, మిగిలినదాన్ని −10తో భాగించి, వచ్చిన భాగఫలానికి మళ్లీ అదే పని చేయాలి. ప్రతి మెట్టులోనూ ఎంపిక ఒక్కటే కాబట్టి రూపం కూడా ఒక్కటే.

345తో చేస్తాను. శేషం 5. మిగిలిన 340ని −10తో భాగిస్తే −34. ఇక్కడ జాగ్రత్త: −34 = −40 + 6 అని రాసుకోవాలి, శేషం ఎప్పుడూ ఋణం కాకూడదు. శేషం 6, భాగఫలం 4. అయిపోయింది. 345 = [465]. సరిచూసుకుంటే 400 − 60 + 5.

ఇదే −345కి: శేషం 5, భాగఫలం 35. తర్వాత శేషం 5, భాగఫలం −3. −3 = −10 + 7, శేషం 7, భాగఫలం 1. కాబట్టి −345 = [1755]. అంటే −1000 + 700 − 50 + 5.

ఈ పని ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది, ఎందుకంటే ప్రతి మెట్టులో సంఖ్య పరిమాణం దాదాపు పదోవంతుకు పడిపోతుంది. −1 దగ్గర మాత్రం తగ్గకుండా ఒక్క అడుగు ఎక్కువ వేస్తుంది: శేషం 9, భాగఫలం 1. అందుకే −1 = [19].

రెండో ప్రశ్నకు జవాబు రాసేలోపు ఇంకెవరైనా ప్రయత్నిస్తారేమో చూస్తాను.

---

#3 ప్రశ్నార్థకం

మాస్టారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. మీరు చెప్పినట్టు పది పన్నెండు సంఖ్యలు చేశాను. ఒకటి గమనించాను. 345కి మూడు అంకెలు వచ్చాయి, −345కి నాలుగు. 12కి మూడు, −1కి రెండు. మైనస్ గుర్తు ఎక్కడా రావడం లేదు, కానీ అంకెలు లెక్కపెడితే ధనమో ఋణమో తెలిసిపోతోంది. ఇది ఎప్పుడూ నిజమేనా, లేక నేను తీసుకున్న సంఖ్యలకే అలా కుదిరిందా?

---

#4 మూలబిందువు

ఎప్పుడూ నిజమే. బేసి సంఖ్యలో అంకెలుంటే ధనం, సరి సంఖ్యలో ఉంటే ఋణం. ఎన్ని అంకెలతో ఏ సంఖ్యలు వస్తాయో వరసగా రాస్తే విషయం కళ్లకు కడుతుంది.

ఒక అంకె: 1 నుంచి 9
రెండు అంకెలు: −90 నుంచి −1
మూడు అంకెలు: 10 నుంచి 909
నాలుగు అంకెలు: −9090 నుంచి −91
ఐదు అంకెలు: 910 నుంచి 90909

ఎక్కడా ఖాళీ లేదు, ఒకదాని మీద ఒకటి పడటమూ లేదు. అంకె పెరిగిన కొద్దీ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు సంఖ్యారేఖ నిండుతూ పోతుంది. మూడంకెల సంఖ్యల్లో అతి చిన్నది [190], అంటే 10. ఎడమ చివర 1 ఉంది కాబట్టి 100 వచ్చింది, పదుల స్థానంలో ఎంత పెద్ద అంకె పెట్టినా 90 కన్నా ఎక్కువ లాగేయలేదు. ఏ స్థానంలోనైనా అంతే, ఎడమ చివరి అంకె ఇచ్చినదాన్ని వెనక ఉన్నవన్నీ కలిసినా పూర్తిగా తినేయలేవు. గుర్తు నిర్ణయించేది ఎడమ చివరి స్థానమే.

పెద్దదేదో చిన్నదేదో పోల్చేటప్పుడు మాత్రం కంటిని నమ్మకండి. [13], [25]లలో ఏది పెద్దది? మొదటిది −7, రెండోది −15. ఎడమ నుంచి చూస్తూ అంకెలు తేడా వచ్చిన మొదటి స్థానం దగ్గర ఆగాలి. ఆ స్థానవిలువ ధనమైతే పెద్ద అంకె ఉన్న సంఖ్యే పెద్దది. ఋణమైతే చిన్న అంకె ఉన్నది పెద్దది. అంకెల లెక్క సమానంగా లేకపోతే ముందు సున్నాలు చేర్చి పోల్చండి.

---

#5 బిట్‌బైట్

ఇది చదివి ఆగలేక ప్రోగ్రామ్ రాశాను, గంటసేపు ఇరుక్కుపోయాను. ఇంకెవరూ ఇరుక్కోకుండా చెబుతున్నాను.

సీ భాషలో −11ను −10తో భాగించి శేషం అడిగితే −1 ఇస్తుంది, 9 ఇవ్వదు. భాగఫలాన్ని సున్నా వైపుకు కుదించడం ఆ భాష పద్ధతి. సరే పైథాన్‌లో చూద్దామని వెళ్తే అక్కడ ఇంకో రకం. శేషం గుర్తు భాజకం గుర్తును అనుసరిస్తుంది, కాబట్టి −10తో భాగించినప్పుడల్లా శేషం సున్నా గానీ ఋణం గానీ వస్తుంది. 12కి −8 వస్తుంది. నా ప్రోగ్రామ్ అంకెల మధ్యలో మైనస్ గుర్తులు అచ్చు వేస్తుంటే తప్పు ఎక్కడుందో అర్థం కాలేదు.

పరిష్కారం చిన్నదే. శేషం ఋణం వస్తే దానికి 10 కలపండి, భాగఫలానికి 1 కలపండి. పైథాన్‌లో 12కి భాగఫలం −2, శేషం −8 వస్తాయి. సవరిస్తే −1, 2 అవుతాయి. ఆ −1కి మళ్లీ అదే సవరణ చేస్తే 9, తర్వాత 1. చివరికి [192]. రెండు భాషల్లోనూ ఇదే సవరణ పనిచేస్తుంది.

---

#6 శేషంసున్నా

లెక్కలబడి గారికీ మూలబిందువు గారికీ ధన్యవాదాలు. మొదటి ప్రశ్న తీరిపోయింది. తారుమారు సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది. నాకు తెలిసిన నిరూపణ ఇది: 10 = 9 + 1, కాబట్టి 9తో భాగిస్తే 10కి శేషం 1, 100కి కూడా 1, అందుకే అంకెలు కూడితే చాలు. 11 విషయంలో 10 = 11 − 1 కాబట్టి శేషాలు −1, 1, −1... దీన్ని ఋణ ఆధారానికి ఎలా తీసుకురావాలి?

---

#7 మూలబిందువు

నిరూపణ మీ చేతిలోనే ఉంది, అందులో 10 అని ఉన్నచోట −10 పెట్టండి, అంతే.

−10 = −11 + 1. కాబట్టి 11తో భాగిస్తే −10కి శేషం 1. దాని వర్గానికీ ఘనానికీ ఏ ఘాతానికైనా శేషం 1. అంటే 11 దృష్టిలో ప్రతి స్థానమూ ఒకట్ల స్థానంతో సమానం, అంకెలు కూడితే సరిపోతుంది.

−10 = −9 − 1. కాబట్టి 9తో భాగిస్తే శేషాలు 1, −1, 1, −1... ఒకటి కూడి ఒకటి తీసేయాలి.

కానీ దీన్ని తారుమారు అనడం నాకు అంతగా నచ్చలేదు. సూత్రం ఎక్కడికీ కదల్లేదు. ఆధారం ఏదైనా సరే, దాని కన్నా 1 తక్కువ ఉన్న సంఖ్యకు అంకెల మొత్తం, 1 ఎక్కువ ఉన్న సంఖ్యకు ఒకటి విడిచి ఒకటి. ఆధారం 10 అయితే తక్కువది 9, ఎక్కువది 11. ఆధారం −10 అయితే ఒకటి తక్కువ −11, ఒకటి ఎక్కువ −9. భాజనీయతకు గుర్తుతో పనిలేదు కాబట్టి 11, 9. స్కూల్లో 9 సూత్రం, 11 సూత్రం అని విడివిడిగా నేర్చుకోవడం వల్ల అవి ఆ సంఖ్యల సొంత గుణాలని అనుకుంటాం. నిజానికి అవి ఆధారానికి ఇరుగుపొరుగు కావడం వల్ల వచ్చిన గుణాలు. ఆధారం 16లో 9కీ 11కీ ఈ సౌకర్యం ఉండదు, అక్కడ అది 15కీ 17కీ దక్కుతుంది.

---

#8 ప్రశ్నార్థకం

అయితే 3కి ఏమీ మారనట్టుంది! 12 = [192], మొత్తం 12. 15 = [195], మొత్తం 15. 18 = [198], మొత్తం 18. మూడింటికీ అంకెల మొత్తం 3 గుణిజమే. 9 సూత్రం పోయినా 3 సూత్రం నిలబడింది. సరేనా?

---

#9 లెక్కలబడి

తొందరపడ్డావు బాబూ, కానీ ఈ పొరపాటు చేయదగ్గదే. ఇంకొక్క అడుగు ముందుకెయ్యి. 21 = [181]. అంకెల మొత్తం 10. సూత్రం విరిగిపోయింది.

నువ్వు తీసుకున్న మూడూ 10 నుంచి 19 లోపలివి. ఆ పదీ [190] నుంచి [199] దాకా ఉంటాయి. 1 + 9 = 10, దానికి చివరి అంకె కలిపితే అసలు సంఖ్యే వస్తుంది. అంటే నువ్వు 12ని 3తో భాగించి చూసి, అదే అంకెల మొత్తం అనుకున్నావు. ఏ సూత్రాన్నైనా పరీక్షించేటప్పుడు పక్కపక్కన ఉన్న ఉదాహరణలు తీసుకోకుండా దూరదూరంగా తీసుకోవడం ఇందుకే.

3కి కూడా 9 బాటే. −10ని 3తో భాగిస్తే శేషం −1 కిందే లెక్క. [181]లో 1 − 8 + 1 = −6, 3 గుణిజం. సరిపోయింది.

2, 5, 10 సూత్రాలు ఏమీ మారవు, చివరి అంకె చూస్తే చాలు. 4 సూత్రం కూడా మారదు, ఇది నాకే ఆశ్చర్యం కలిగించింది. చివరి రెండంకెలను మామూలుగా, అంటే ఆధారం 10లో ఉన్నట్టే చదివి 4తో భాగించవచ్చు. పదుల అంకెను 10తో హెచ్చించి కలిపినా తీసేసినా వచ్చే తేడా ఆ అంకెకు 20 రెట్లు, 20లో 4 ఉంది. 8కి మాత్రం ఈ వెసులుబాటు లేదు.

---

#10 శేషంసున్నా

ఆధారం 10లో 7, 11, 13 మూడింటికీ కలిపి ఒక పద్ధతి ఉంది కదా, 1001 = 7 × 11 × 13 అనే దాన్ని పట్టుకుని మూడేసి అంకెల గుంపులు చేసి, ఒకటి కూడి ఒకటి తీసేయడం. ఇక్కడ అదింకా సులువైపోతోంది. (−10)³ = −1000 = −1001 + 1. కాబట్టి మూడేసి అంకెలు విడదీసి, ప్రతి గుంపు విలువనూ కట్టి కూడేస్తే చాలు, తీసివేత లేదు.

1001నే తీసుకున్నాను. అది [19001]. గుంపులు [19], [001]. విలువలు −1, 1. మొత్తం సున్నా. కాగితం మీద ఇది చూసి చాలాసేపు సంతోషంగా కూర్చున్నాను.

---

#11 నిత్యసందేహం

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చదవడానికి బాగానే ఉంది, కానీ దీనివల్ల ఎక్కడైనా ఉపయోగం ఉందా? మైనస్ గుర్తు అనే మంచి సాధనం ఉండగా ఇంత మెలిక ఎందుకు? నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

#12 బిట్‌బైట్

న్యాయమైన ప్రశ్నే. కొంచెం చరిత్ర చెబుతాను.

ఋణ ఆధారాల గురించి మొదట రాసింది ఇటలీకి చెందిన విట్టోరియో గ్రూన్‌వాల్డ్, 1885లో. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, భాజనీయత అన్నీ ఆయన అప్పుడే పరిశీలించారు. ఆ పని ఎవరి కంటా పెద్దగా పడలేదు. మళ్లీ ఈ ఊహ 1950లలో కంప్యూటర్లతో పాటు వచ్చింది. పోలండ్‌లో పావ్లాక్, వాకులిచ్ 1957లో దీని గురించి రాశారు. ఆధారం −2తో పనిచేసే కంప్యూటర్లు కూడా అక్కడ తయారయ్యాయి, యూఎంసీ-1 అలాంటిదే. డొనాల్డ్ నూత్ 1955లో స్కూలు విద్యార్థిగా ఉండగానే ఒక సైన్స్ పోటీకి ఇంకా వింతైన ఆధారం రాసి పంపారు: 2ఐ, ఇందులో ఐ అంటే −1 వర్గమూలం. 0, 1, 2, 3 అంకెలతో సంకీర్ణ సంఖ్యలను కూడా గుర్తు లేకుండా ఒకే వరసలో రాసే పద్ధతి అది.

గుర్తు అక్కర్లేని పద్ధతి ఇంకొకటి కూడా ఉంది, ఆధారం 3తో −1, 0, 1 అంకెలు వాడటం. మాస్కో స్టేట్ యూనివర్సిటీలో బ్రుసెన్‌త్సోవ్ బృందం 1958లో చేసిన సెతున్ కంప్యూటర్ దాని మీదే నడిచింది.

ఇప్పటి కంప్యూటర్లు ఇవేవీ వాడవు. ఆధారం −2కి ఒక ఇబ్బంది ఉంది. 8 బిట్లతో −170 నుంచి 85 వరకే వస్తాయి, ఋణం వైపు రెట్టింపు. ధనం, ఋణం దాదాపు సమానంగా కావాల్సినచోట అది కుదరదు. మైనస్ గుర్తుకు విడిగా నియమాలు అక్కర్లేకపోవడం మాత్రం నిజమైన లాభం. కూడిక నియమం ఒక్కటే, అది ధనానికీ ఋణానికీ ఒకేలా పనిచేస్తుంది.

---

#13 లెక్కలబడి

ఆ కూడిక నియమం చెప్పుకోవాల్సిందే, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మామూలు కూడికలో 8, 7 కలిస్తే 15. 5 వేసి ఒకటి చేతిలో ఉంచుకుని పక్క స్థానానికి కలుపుతాం. ఆధారం −10లో పక్క స్థానం గుర్తు ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ ఒకటిని అక్కడ కలపకూడదు, తీసేయాలి. పక్క స్థానంలో తీసేయడానికి ఏమీ లేకపోతే −1 మిగులుతుంది. −1 = [19] కాబట్టి అక్కడ 9 వేసి, ఆ పై స్థానానికి 1 కలపాలి. 8 + 7 = [195]. 100 − 90 + 5, సరిగ్గా 15.

ఇప్పుడు −1కీ 1కీ కూడిక చూడండి. [19] + [1]. 9, 1 కలిస్తే 10. 0 వేసి పక్క స్థానంలో 1 తీసేయాలి. అక్కడున్నది 1. తీసేస్తే 0. జవాబు [00]. ధనం ఋణం అనే మాట ఎత్తకుండా, ఏది ఏదో చూడకుండా అంకెలు వాటంతటవే కొట్టేసుకున్నాయి.

---

#14 బిట్‌బైట్

ఆధారం −2 గురించి ఇంకో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను.

మూలబిందువు గారి ఇరుగుపొరుగు సూత్రం ప్రకారం −2 కన్నా ఒకటి తక్కువ −3. కాబట్టి ఈ పద్ధతిలో 3 భాజనీయతకు అంకెల మొత్తం చూడాలి. అంకెలు 0, 1 మాత్రమే కనుక ఒకట్లు లెక్కపెట్టడమే. ఆ లెక్క 3 గుణిజమైతే సంఖ్య కూడా 3 గుణిజం.

3 = 111
6 = 11010
9 = 11001
12 = 11100
15 = 10011
18 = 10110
21 = 10101
24 = 1101000
27 = 1101111

24 దాకా ప్రతిదానిలో మూడే మూడు ఒకట్లు. 27 దగ్గర ఒక్కసారిగా ఆరు. మామూలు ద్విసంఖ్యామానంలో 3 భాజనీయత చూడాలంటే సరి స్థానాలూ బేసి స్థానాలూ విడదీసి లెక్కపెట్టాలి. ఇక్కడ ఆ పని లేదు.

రెండోది రిచర్డ్ ష్రోపెల్ చూపించిన చిట్కా. ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల 1972లో విడుదల చేసిన హక్‌మెమ్ అనే చిట్కాల సంకలనంలో ఉంది. మామూలు బైనరీ నుంచి ఆధారం −2కి మార్చడానికి భాగహారాల వరస అక్కర్లేదు. 10101010 అనే బిట్ల వరస తీసుకోండి. దాన్ని సంఖ్యకు కలపండి. వచ్చినదానికీ అదే వరసకూ మధ్య ఎక్స్‌ఓఆర్ చేయండి, అంటే ఆ వరసలో 1 ఉన్న స్థానాల్లో బిట్లు తిప్పేయండి. అంతే.

6తో చూద్దాం. 10101010 అంటే 170. 6 + 170 = 176, బైనరీలో 10110000. 10101010తో ఎక్స్‌ఓఆర్ చేస్తే 00011010. పైన 6 పక్కన రాసినది అదే.

ఎందుకు పనిచేస్తుందో మొదట అర్థం కాక టెన్షన్ పడ్డాను, తర్వాత తేలిగ్గా తేలింది. ఆధారం −2లో రాసిన ఏ సంఖ్యైనా ధన స్థానాల మొత్తంలోంచి ఋణ స్థానాల మొత్తం తీసేసినది. 10101010లో ఋణ స్థానాలన్నీ 1తో నిండి ఉన్నాయి. దాన్ని కలిపితే, నిండుగా ఉన్న ఋణ స్థానాల్లోంచి మన సంఖ్య ఋణ బిట్లు తీసేసినట్టవుతుంది. అన్నీ 1లు ఉన్నప్పుడు తీసివేతలో అప్పు తెచ్చుకునే పని రాదు, 1 ఉన్నచోట 0, 0 ఉన్నచోట 1 మిగులుతుంది, అంతే. అలా తిరగబడిన బిట్లను ఎక్స్‌ఓఆర్ మళ్లీ తిప్పి నిలబెడుతుంది.

---

#15 నిత్యసందేహం

చివరి పేరా రెండుసార్లు చదివాను. చాలా బాగుంది. నా ప్రశ్నకు జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. ఇక నేనూ ఇక్కడే ఉంటాను.

---

#16 శేషంసున్నా

ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్యల దగ్గర ఇంకొకటి దొరికింది. ఆధారం 10లో 1221, 4554 లాంటి సరి అంకెల పాలిండ్రోములన్నీ 11 గుణిజాలు. ఇక్కడ అవే రూపాలు [1221], [4554] ఏమవుతాయి? సరి అంకెలున్నాయి కాబట్టి ఋణసంఖ్యలు. కొనల నుంచి జతలుగా తీసుకుంటే ప్రతి జతలో ఒకటి కూడేది, ఒకటి తీసేసేది, కాబట్టి ఒకటి విడిచి ఒకటి తీసిన మొత్తం సున్నా. అంటే 9 గుణిజాలు. [1221] = −1000 + 200 − 20 + 1 = −819 = −9 × 91. [1001] = −999. [11] = −9.

ఆధారం −10లో సరి అంకెల పాలిండ్రోమ్ ప్రతిదీ 9కి ఋణ గుణిజం. ఒక్కటి కూడా తప్పించుకోదు.

---

#17 మూలబిందువు

శీర్షిక పూర్ణసంఖ్యల గురించే, అయినా భిన్నాల వైపు ఒక్కసారి తొంగి చూడండి. మామూలుగా 0.999... = 1 అన్నట్టు, ఒకే విలువకు రెండు రూపాలు రావడం ఇక్కడ 1/11 దగ్గర కనిపిస్తుంది. [0.090909...] కడితే 9/100 + 9/10000 + ... = 1/11. [1.909090...] కడితే 1 − 9/10 − 9/1000 − ... = 1 − 10/11, అదీ 1/11. ఒకటి సున్నాతో మొదలవుతుంది, ఇంకొకటి ఒకటితో, విలువ మాత్రం ఒక్కటే. బిందువు తర్వాత అంకెలతో చేరుకోగలిగిన అతి పెద్ద విలువ 1/11, అతి చిన్న విలువ −10/11. ఒక పూర్ణసంఖ్యకు చెందిన మేర ముగిసేచోటే తర్వాతి పూర్ణసంఖ్యది మొదలవుతుంది. ఆ సరిహద్దు మీద నిలబడ్డ సంఖ్యకు రెండు చిరునామాలు.

---

#18 ప్రశ్నార్థకం

మాస్టారూ, ఈసారి దూరదూరంగా ఉదాహరణలు తీసుకుని పరీక్షించాకే రాస్తున్నాను.

రెండు పద్ధతుల్లోనూ ఒకేలా కనిపించే సంఖ్యలు ఏవని వెతికాను. 305 = [305], 20407 = [20407]. పదులు, వేలు, లక్షల స్థానాల్లో సున్నాలు ఉంటే చాలు, మిగతా స్థానాల గుర్తు రెండింటిలోనూ ధనమే. అలాంటివి 1000 లోపు సున్నాతో కలిపి సరిగ్గా 100 ఉన్నాయి.

వీటికి 9 సూత్రం, 11 సూత్రం రెండూ ఒకటైపోతాయి. తీసేయాల్సిన అంకెలన్నీ సున్నాలే కనుక, కూడినా ఒకటి విడిచి ఒకటి చేసినా అదే మొత్తం. 209కి 2 + 9 = 11, అది 11 గుణిజం. 504కి 5 + 4 = 9, అది 9 గుణిజం. కాబట్టి 99 గుణిజం కావాలంటే అంకెల మొత్తం 99 గుణిజం అవ్వాలి.

ఇక్కడే ఆగిపోయాను. 99 మొత్తం రావాలంటే ఎన్ని అంకెలు కావాలి? ఒక్కో అంకె మహా అయితే 9. కనీసం పదకొండు తొమ్మిదులు. వాటి మధ్య పది సున్నాలు. అంటే రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉంటూ 99తో భాగించబడే సంఖ్యల్లో, సున్నాను వదిలేస్తే, అతి చిన్నది ఇది:

909090909090909090909

ఇరవై ఒక్క అంకెలు. చేత్తో 99తో భాగించి చూశాను, శేషం సున్నా.

---

#19 లెక్కలబడి

నేనూ భాగించి చూశాను బాబూ. సరిపోయింది.

అది పాలిండ్రోమ్ కూడా, గమనించావా?